నేను కత్తిరించని షాటు

పని మానేసి ఏడాది దాటింది. ఇంట్లో కుదురుగా కూర్చోవడం మాత్రం ఇంతవరకు చేతకాలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పాటు ఫోను పట్టుకుని ఎవరో తీసిన పాట పెట్టుకుంటాను. అరనిమిషం గడవకముందే, "అక్కడ కట్ చెయ్యి నాయనా, ఆ పిల్ల ఎంత ఇబ్బంది పడుతోందో చూడు" అని పైకే అనేస్తాను. మావారు రిటైరైన లెక్కల మేష్టారు. పేపర్లోంచి తల ఎత్తకుండానే, "ఆ ఫోను నీ మాట వినదు రాజేశ్వరీ" అంటారు. నిజమే, వినదు. అయినా ఇంకో పాట పెడతాను.

పోయిన నెల ఇద్దరు ఆడపిల్లలు రాజమండ్రిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వీడియో కోర్సు చదువుతున్నారట. సినిమాలతో సంబంధం లేకుండా జనం ఫోన్లలో చూసుకునే ప్రైవేటు పాటలు ఉంటాయి కదా, జానపదాలు, ప్రేమ పాటలు, భక్తి పాటలు, వాటికి డైరెక్షన్ చేద్దామని వాళ్ళ ఉద్దేశం. "ఇటు పక్క ఈ పని చేసిన ఆడవాళ్ళు ఎవరా అని అడిగితే అందరూ మీ పేరే చెప్పారండి" అన్నారు. ఉబ్బిపోయాను, దాచుకోను. రెండు గంటలు మాట్లాడాను. లేవబోతూ వాళ్ళలో చిన్నపిల్ల అడిగింది, "ఆడవాళ్ళు డైరెక్ట్ చేస్తే పాటలో ఆడవాళ్ళని చూపించే తీరు మారుతుందాండి?" అని.

"ఎందుకు మారదమ్మా? తప్పకుండా మారుతుంది" అన్నాను.

పుస్తకంలో రాసుకున్నారు. పని ఎందుకు మానేశారని అడిగితే మోకాళ్ళ నొప్పులని చెప్పాను. అదీ రాసుకున్నారు. జంతికలు తిని, కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళారు. ఆ రోజు నుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. పని గురించి వాళ్ళకు చెప్పినవి అబద్ధాలు కావు. కాని చెప్పకుండా మింగేసినది ఒకటుంది. అది చెప్పకపోతే చెప్పినదంతా దండగ. అందుకని ఇది రాస్తున్నాను. ఎవరెవరు సన్మానాలు చేశారో, ఏ శాలువా ఎక్కడ కప్పారో ఇందులో ఉండదు.

శేషగిరి గారి గది

మా పుట్టింటివాళ్ళకు తణుకులో స్టీలు సామాన్ల కొట్టు. కొట్టులో పెరిగినదాన్ని, చేతిలో పని లేకపోతే పిచ్చెక్కుతుంది. పెళ్ళై రాజమండ్రి వచ్చిన కొత్తలో రెండు నెలలు ఇంటి పట్టున ఉండి, ఇక నా వల్ల కాక, వీధి చివర స్టూడియోలో పని అడిగాను. ఆ స్టూడియో శేషగిరి గారిది. పెళ్ళి వీడియోలు తీయించేవారు. తీసుకొచ్చిన టేపులను కత్తిరించి, అతికించి, పాటలు కలిపి క్యాసెట్టు చేయడం నాకు నేర్పారు.

ఎడిటింగుకు ఆడమనిషిని పెట్టుకోవడం అప్పట్లో వింతే. తోటి స్టూడియోల వాళ్ళు ఆయన్ని ఆటపట్టించేవారు. ఆయన నాతో మాత్రం సూటిగా చెప్పారు. "చూడమ్మా, పెళ్ళి క్యాసెట్టు రెండిళ్ళలోనూ వేస్తారు. బంధువులందరూ కూర్చుని చూస్తారు. పెళ్ళికూతురి పైట జారిన చోట మగాడు ఎడిటింగు చేస్తుంటే కన్ను ఆగిపోద్ది. నీకైతే చెయ్యి కత్తెర మీదకి పోద్ది. నాకు కావలసింది ఆ చెయ్యి."

చీకటి గదిలో పన్నెండేళ్ళు నేను చేసిన పని అదే. తలంబ్రాలు పోసేటప్పుడు జారిన పైట, మూల కూర్చుని బిడ్డకు పాలిస్తున్న వదినగారు, నోరు తెరిచి నిద్రపోతున్న ముసలావిడ, పంక్తిలో వంగి వడ్డిస్తున్న పిల్ల మీద కెమెరా అక్కర్లేనంతసేపు నిలబడిన చోటు. ఇవన్నీ తీసెయ్యాలి. తీసేసినట్టు ఎవరికీ తెలియకూడదు.

ఒకసారి తణుకులో ఒక పెళ్ళి. కెమెరా పట్టినవాడు తోడిపెళ్ళికూతురి మీద నుంచి కన్ను తిప్పలేదు. క్యాసెట్టు చేసేటప్పుడు నేను సగం తీసేశాను. వారం తిరక్కుండా పెళ్ళికొడుకు తమ్ముడు స్టూడియోకి వచ్చి, "మాకు కత్తిరించకముందుదే ఇచ్చెయ్యండి, ఏం పర్లేదు" అన్నాడు. శేషగిరి గారు, "అలాగేనండి, కూర్చోండి" అని మర్యాదగా కుర్చీ వేసి, ఆ అసలు టేపును మిషన్లో పెట్టి, అతని కళ్ళ ముందే మొదటి నుంచి చివరి దాకా చెరిపేశారు. అదేం నిమిషంలో అయ్యే పని కాదు. టేపు ఎంతసేపు నడవాలో అంతసేపు నడిచింది. అతనికి టీ కూడా తెప్పించారు. ఆ కుటుంబం వాళ్ళు మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆయన ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.

అంత మంచి యజమాని దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడానికే ఇది రాశాననుకోకండి. నేర్చుకుని కూడా ఏం చేశానో చెప్పడానికి రాశాను.

స్టాండు ఎక్కడ పెట్టాలి

శేషగిరి గారు పోయాక స్టూడియో మూతపడింది. ఫోన్లొచ్చాక పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ వీడియో తామే తీసుకుంటున్నారు. ఆ రోజుల్లోనే ప్రైవేటు పాటల గాలి వీచింది. నాకు తెలిసిన ఒకాయన భక్తి పాట పాడించి, బొమ్మలు తీసిపెట్టమన్నాడు. అలా డైరెక్టరునయ్యాను.

ఆ పాట కోరుకొండలో తీశాం. పసుపు చీరలు కట్టుకున్న ఎనిమిది మంది ఆడవాళ్ళు పూలబుట్టలతో కొండ మెట్లు ఎక్కుతారు. మా కెమెరామన్ ప్రసాదు పోయి కింది మెట్టు దగ్గర స్టాండు పెట్టాడు. కెమెరాలో కన్ను పెట్టి చూస్తే ఎనిమిది మంది పిరుదులు, ఆ పైన ఎక్కడో గోపురం.

"పైకి మార్చు" అన్నాను.

"పైనుంచి తీస్తే కొండ ఎత్తు తెలియదండి మేడం."

"ఇప్పుడు నువ్వు తీస్తున్నది కొండ ఎత్తు కాదులే" అన్నాను. ఆడవాళ్ళంతా నవ్వేశారు. ప్రసాదు చెవులు ఎర్రబడ్డాయి. మంచివాడు, చెప్తే వింటాడు. తర్వాత పదేళ్ళు నాతోనే పనిచేశాడు. పై నుంచి తీస్తే వాళ్ళ ముఖాలు వచ్చాయి, ఎండకు చిట్లించిన కళ్ళు వచ్చాయి, వాళ్ళు ఎక్కుతున్న మెట్లన్నీ వెనకాల దిగుతూ కనిపించాయి.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు మొదటి మాట ఇదే చెప్తాను. ఖరీదైన కెమెరా సంగతి తర్వాత చూసుకోండి, ముందు స్టాండు ఎక్కడుందో చూసుకోండి. రెండోది, పాట తీసే చోటికి వెళ్ళగానే ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది ఏదో అడగండి. "కారు ఉంది కదండి" అంటే షూటింగు మొదలుపెట్టకండి. మూడోది, సంచిలో పిన్నీసులు పెట్టుకోండి, గుప్పెడు కాదు, డబ్బా. జారకూడని బట్ట జారుతుందని భయపడుతున్న పిల్ల ముఖంలో ఏ భావమూ పలకదు.

ఇంకొకటి ఉంది. దీన్ని నేను చాలా ఆలస్యంగా గమనించాను. సెట్టు మీద పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తాం. అమ్మాయి ఆ వేగానికే పెదాలు కదుపుతూ ఆడుతుంది. తర్వాత బొమ్మను నిదానం చేస్తే పెదాలు పాటతో సరిపోతాయి, ఒళ్ళు మాత్రం నీళ్ళలో కదిలినట్టు కదులుతుంది. మామూలు నడక కూడా చూసేవాడి కోసం నడిచినట్టు ఉంటుంది. నేను తీసిన పాటలన్నీ ఒకరోజు కూర్చుని చూసుకుంటే, మగవాళ్ళను నిదానం చేసింది ఫైటులాంటి చోట్ల మాత్రమే. ఆడపిల్ల నీళ్ళు తోడినా నిదానమే, తల దువ్వుకున్నా నిదానమే. అలా చెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు.

చెడ్డ పాటలూ తీశాను. ఒక ప్రేమ పాటలో హీరో మూడు చరణాలు పిల్ల వెంటపడతాడు, చివర్న ఆ పిల్ల వెనక్కి తిరిగి నవ్వుతుంది. పాట బాగా ఆడింది. మా మేనకోడలు చూసి, "అత్తా, నీ పాటలో కాబట్టి నవ్వింది. మా కాలేజీ బస్టాపులో అయితే ఏడుస్తాం" అంది. ఆ తర్వాత ఎవరినీ ఎవరి వెంటా తిప్పలేదు.

ఇంతవరకు ఆ పిల్లలకు చెప్పాను. ఇక్కడితో ఆపాను.

ఊడ్పుల పాట

సూర్రావు గారికి వ్యాపారం చాలానే ఉంది, పాటల ఛానల్ పెట్టింది సరదాకి. చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది. మూడేళ్ళు ఆయనకు పాటలు తీశాను. ఛానల్ ఆయనదే అయినా పాటలు ఎక్కించడం, బొమ్మలు పెట్టడం నా పని. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉండేది.

ఒక సార్వాలో, అంటే వానాకాలం పంట రోజుల్లో, నాట్ల పాట తీద్దామన్నారు. మా వైపు ఊడ్పులంటాం. దీప్తి అని మంచి డాన్సరు, నాతో అప్పటికి ఐదారు పాటలు చేసింది. ఆ అమ్మాయిని బురదలో దొర్లించాలని సూర్రావు గారి కోరిక.

"బురదలో దొర్లేది గేదెలండి. ఊడ్పులు వేసేవాళ్ళు దొర్లరు" అన్నాను.

"అబ్బా, మీతో వేగలేం మేడం గారూ. మరి జనం ఏం చూస్తారండి?"

"పనిచేసే ఆడవాళ్ళని చూస్తారు. నిజం వాళ్ళని. నేను చూపిస్తాను కదా."

వారం రోజులు వాదించి గెలిచాను. దీప్తికి మోకాలు దిగే లంగా, పూర్తి జాకెట్టు. నడుము మీద ఒక్క షాటు లేదు. మండపేట దగ్గర ఒక పల్లెలో చేను మాట్లాడాం. నిజంగా ఊడ్పులు వేసే జట్టును తెచ్చాం. పన్నెండు మంది. వాళ్ళ పెద్ద పేరు మంగ. నలభై దాటి ఉంటాయి, బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం నాలుగు చేలకు వినిపిస్తుంది. ఏ రైతుకు మనుషులు కావాలన్నా ఫోను మంగకే వస్తుంది. ఎవరిని ఎక్కడికి పంపాలో, కూలి ఎంత అడగాలో, మంగ మాటే మాట. భర్త లేడు. ఇద్దరాడపిల్లల్ని ఆ గొంతుతోనే పెంచుకొచ్చింది.

చేలోకి దిగే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా వేసుకుంటారు. చూసే ఉంటారు. ఎండకు, పురుగూ పుట్రాకు అనుకుంటాం. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, తలకు తువ్వాలు చుట్టి, పైన చొక్కాతో పన్నెండు మంది వరసగా నిలబడ్డారు. నాకు నచ్చలేదు. మాసిన గళ్ళ చొక్కాలు, ఒకదాని వీపు మీద ఏదో సిమెంటు ప్రకటన. పచ్చటి ఆకు, ఎర్రటి చీరలు, తడిసిన చేతులు, ఇవి నా మనసులో ఉన్న బొమ్మ. పాత కాలపు ఊడ్పులు. సహజంగా ఉండాలి అనుకున్నాను. ఎదురుగా ఉన్న సహజాన్ని తీయించేసి, నా మనసులోని సహజాన్ని పెట్టబోయాను.

గట్టు మీద చెప్పులు విప్పి, చేలో దిగి మంగ దగ్గరకు వెళ్ళాను. "మంగా, ఈ చొక్కాలు తీసేస్తే బాగుంటుందమ్మా" అన్నాను.

"వద్దండి అమ్మగారండి. మేమిలాగే దిగుతామండి ఎప్పుడూ."

"పాటకే కదా. ఒక గంట."

"ఒంగుతాం కదండి" అంది మంగ, గట్టు వైపు చూస్తూ. గట్టు మీద మావాళ్ళు, ఊళ్ళోవాళ్ళు, మొత్తం మగవాళ్ళే.

"వాళ్ళని పంపించేస్తాను. నేనూ ఆడదాన్నే కదా మంగా. ఏది చూపించాలో ఏది చూపించకూడదో నాకు తెలియదా? నీకు ఏ ఇబ్బందీ రానివ్వను. నా మాట మీద నమ్మకం లేదా?"

గట్టు మీదవాళ్ళను నిజంగానే పంపేశాను. మంగ నా ముఖంలోకి, బురదలో ఉన్న నా కాళ్ళ వైపు చూసింది. బొత్తాలు విప్పుకుంటూ, "తియ్యండే అమ్మా, మేడం గారు చూసుకుంటారంట" అని జట్టుకు చెప్పింది. పదకొండు మందీ తీశారు.

మధ్యాహ్నం రెండు షాట్ల మధ్య విరామంలో మంగ నడుము నిలబెట్టి, తడి చేత్తో మెడ మీద చెమట తుడుచుకుని, పక్కావిడ అన్నదేదో విని పెద్దగా నవ్వింది. కెమెరా ఆపలేదు. ఆపమని నేను చెప్పలేదు. ఆవిడకు తెలియదు. తర్వాత ఎడిటింగులో ఆ నవ్వును చూసి నాకు ఒళ్ళు పులకరించింది. పాటలో ఎవరూ చూపించని నవ్వు అనుకున్నాను. ఆ షాటును నేనే నిదానం చేశాను. నేనే రెండుసార్లు వేశాను. పాట దసరాకు ఎక్కించినప్పుడు, పాట నొక్కకముందు పైన కనిపించే బొమ్మకు దీప్తి ఫొటో పెట్టమని సూర్రావు గారు అంటే, ఒప్పుకోక మంగ నవ్వే పెట్టాను. డాన్సరు అందం కాదు, కష్టజీవి అందం చూపిస్తున్నానని మావారికి గొప్పగా చెప్పాను. ఆయన చూసి, "ఆవిడకి తెలుసా?" అన్నారు. "చూస్తే సంతోషిస్తుంది" అన్నాను.

మంగ రాజమండ్రి వచ్చింది

నేను ముఖం చూశాను. పాట చూసినవాళ్ళు ముఖం చూడలేదు. తడిసిన జాకెట్టు చూశారు, దోపిన చీర చూశారు. పాట కింద రాతలు నేను ఇక్కడ రాయను. ఎవరో ఆ షాటు ఒక్కటే కోసి, దానికి ఇంకేదో పాట తగిలించి తిప్పడం మొదలుపెట్టారు. పాట ఎక్కుతోందని సూర్రావు గారు స్వీట్లు పంపారు.

పది రోజులకు మంగ రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు, గుమ్మం దగ్గర గోడకు ఆనుకుంది. కాఫీ ఇస్తే పట్టుకుంది గాని తాగలేదు.

"ఆ ఒక్కటీ తీసెయ్యండి మేడం గారండి" అంది. "రోడ్డు మీద పోతంటే ఎనకమాల పాటందుకుంటన్నారండి. మా జట్టులో ఆడోళ్ళ మొగుళ్ళు, దానెంట ఎల్లొద్దంటన్నారంట. అదే తీయించింది చొక్కాలు అంటన్నారండి. వచ్చే దాళ్వా ఊడ్పులకి ఇప్పటికే నలుగురు రామన్నారు. జట్టు లేకపోతే నాకేం ఉంటదండి? మా రెండో పిల్ల ఇంటర్ చదువుతోంది, కాలేజీకి పోనంటందండి."

"చూస్తాను మంగా. తప్పకుండా మాట్లాడతాను" అన్నాను.

మాట్లాడాను. "ఇప్పుడు కదిపితే పాట చచ్చిపోద్ది మేడం గారూ. ఆవిడకేంటండి, స్టారైపోయింది" అన్నారు సూర్రావు గారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, సంక్రాంతి నుంచి పది పాటలు వరసగా తీద్దామనుకుంటున్నాననీ, అన్నీ నన్నే చెయ్యమనీ, ఈసారి కథ, పాట, మనుషులు అన్నీ నా ఇష్టమనీ అన్నారు. అంతవరకు ఎవరూ నాకు అలాంటి మాట ఇవ్వలేదు.

సూర్రావు గారు ఒప్పుకోలేదు కాబట్టి ఏం చెయ్యలేకపోయానని చాలామందికి చెప్పాను. నాకు నేను కూడా చెప్పుకున్నాను. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. మధ్యలో ముక్క కోస్తే పాట తాళం తప్పుతుంది, అది నిజమే, కాని పాట మొత్తం తీసెయ్యడానికి ఒక నిమిషం చాలు. నేను పైన పెట్టిన బొమ్మ మాత్రం మార్చి దీప్తిది పెట్టాను. ఏదో చేశాననిపించుకున్నాను. రోజూ పొద్దున్నే చూసేదాన్ని. చూసినవాళ్ళ సంఖ్య పెరుగుతుంటే గుండె దడదడలాడేది. ఆ దడలో భయం ఎంతో, సంతోషం ఎంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. మంగ రెండుసార్లు ఫోను చేసింది. రెండోసారి ఎత్తలేదు.

అలా మూడు వారాలు గడిచాక దీప్తి ఫోను చేసింది. తన బొమ్మ పైన పెట్టినందుకు థాంక్స్ చెప్తుందనుకున్నాను.

"మేడం, నా జాకెట్టు అర అంగుళం జారితే మీరు షాటు ఆపేస్తారు కదండి" అంది. "ఆవిడది ఎందుకు ఉంచారండి? ఆవిడ డాన్సరు కాదనాండి?"

ఫోను పెట్టేసి, కంప్యూటరు తీసి, పాటను తీసేశాను. ఒక్క నిమిషం పట్టింది. టేపు చెరిపిన రోజున శేషగిరి గారు గంటన్నర కూర్చున్నారు.

సూర్రావు గారు ఫోనులో ఏమన్నారో మావారు పక్క గదిలోంచి విన్నారు. మర్నాడు సాయంత్రానికి పాట మళ్ళీ ఎక్కింది, వేరే మనిషి చేత, మళ్ళీ మంగ బొమ్మతోనే. కోసిన ముక్కలు ఎలాగూ ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. పది పాటల మాట పోయింది. ఆయన నలుగురికి చెప్పారు, ఆ నలుగురూ నన్ను పిలవడం మానేశారు. మోకాళ్ళ నొప్పులన్నది అందుకు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

మండపేటలో

మంగ దగ్గరకు వెంటనే వెళ్ళలేదు. ధైర్యం చాలలేదు. దాళ్వా ఊడ్పులు, అంటే రెండో పంట నాట్లు, జోరుగా సాగుతున్న రోజుల్లో వెళ్ళాను. ఊళ్ళో అడిగితే, మంగ చేలోకి దిగడం లేదు, మండపేటలో రైసు మిల్లుకు పోతోందన్నారు. దారి పొడుగునా చేలల్లో ఆడవాళ్ళు వంగి ఊడుస్తున్నారు. పొడుగు చేతుల చొక్కాలు. ఆటోలోంచి అన్ని చొక్కాలూ చూసుకుంటూ వెళ్ళాను.

మిల్లు వెనక సిమెంటు కళ్ళంలో మంగ ఒక్కతే ధాన్యం తిరగేస్తోంది. ఆ గొంతుకు అక్కడ పని లేదు. చీర మీద నీలం చొక్కా, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉంది. నన్ను చూసి, "రండి మేడం గారండి" అని ఖాళీ గోనె సంచి దులిపి వేసింది. నేను కూర్చోలేదు.

"పాట తీసేశాను మంగా. వాళ్ళు మళ్ళీ పెట్టారు."

"ఆయ్, మా అమ్మాయి చెప్పిందండి."

"అమ్మాయి కాలేజీకి వెళ్తోందా?"

"లేదండి. కుట్టు మిషను నేర్చుకుంటందండి."

"నన్ను క్షమించు మంగా. నువ్వు వచ్చిన రోజే తీసెయ్యాల్సింది" అన్నాను. అంతటితో ఊరుకుని ఉండాల్సింది. నా నోరు ఊరుకోలేదు. "నేను మంచి మనసుతోనే తీశాను. మగవాళ్ళు దాన్ని అలా చూస్తారని అనుకోలేదు" అన్నాను.

మంగ ధాన్యం తిరగేయడం ఆపింది. కోపం లేదు ముఖంలో. ఉంటే బాగుండును.

"మగోళ్ళ సంగతి మాకు తెలీదేంటండి? అందుకే కదండీ చొక్కా ఏసుకునేది" అంది. "మీ కెమెరా ఆయన పొద్దున్నే వచ్చి అడిగాడండి, మీరు కారు దిగక ముందే. మీకు చెప్పలేదా అండి? చొక్కాలు తియ్యండంటే, నోరు మూసుకు పోరా అని తిట్టి పంపించామండి. పాట మానేసి ఇంటికి పోతామన్నామండి. అప్పుడు మీరు వచ్చారండి. చెప్పులిప్పి బురదలోకి దిగారండి."

మళ్ళీ ధాన్యం మీదకు వంగుతూ అంది.

"మీరు ఆడోరని తీశామండి."